మరల లెక్కించు ఖర్చు ఎవ్వరిది?



ఎన్నికలలో ఓట్లు లెక్కించిన పిమ్మట, ఆ లెక్కపై అనుమానము గల అభ్యర్థి మరల లెక్కింపుమని కోరవచ్చును. దీనినే మన పల్లెలలో రీకౌంటింగు అనుచున్నారు. అట్లు కోరినవాడు డబ్బు కట్టవలయునా? కట్టవలసియున్న ఎంత? ప్రశ్న చిన్నదిగనే తోచును. కాని దీనికి సరియైన సమాధానము తెలియకపోవుటచేత మన మన్యపుటంచున ఒక సంసారము ఎట్లు చితికిపోయెనో నేను కన్నులార చూచితిని. అందుచేతనే నేటి ప్రసంగమునకు ఈ విషయము నెన్నుకొంటిని.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుంటిని. బడిపంతులకు పాఠము చెప్పుట ఒక పని. ఎన్నికలు వచ్చినపుడు పెట్టె మోయుట, వ్రేలికి సిరా పూయుట, ఓట్లు లెక్కించుట రెండవ పని. చర్ల, దుమ్ముగూడెము త్రోవలోని పల్లెలలోను, ఇటు ఇల్లెందు, గుండాల అడవులలోను ఈ రెండవ పనిమీద నేను తిరుగని వాగు లేదు.

సమాధానము ముందుగనే చెప్పివేసెదను. లెక్కింపు బల్ల యొద్ద, ఫలితముపై అధికారి సంతకము చేయకమునుపు, మరల లెక్కింపుమని కోరుటకు రుసుము లేదు. ఒక్క రూపాయియు లేదు. శాసనసభకును లోకసభకును జరుగు ఎన్నికలకు 1961వ సంవత్సరపు ఎన్నికల నిర్వహణ నియమములు వర్తించును. వానిలో 63వ నియమము ఈ సంగతినే చెప్పుచున్నది. లెక్కింపు ముగిసిన పిదప అధికారి ఎవరికెన్ని ఓట్లు వచ్చెనో మొత్తములు చదువవలయును. చదివిన వెంటనే సంతకము చేయరాదు. అక్కడనున్న అభ్యర్థులకును, వారి ఏజెంట్లకును కోరిక కోరుకొనుటకు తగిన వ్యవధి ఈయవలయును. ఆ వ్యవధిలో అభ్యర్థి గాని, అతని ఎన్నికల ఏజెంటు గాని, లెక్కింపు ఏజెంటు గాని, మరల లెక్కింపవలసిన కారణములను వ్రాసి కాగిత మీయవచ్చును. అన్ని ఓట్లను లెక్కింపుమనవచ్చును, కొన్నింటినే లెక్కింపుమనవచ్చును. అధికారి దానిని అంగీకరింపవచ్చును. కోరిక పనికిమాలినదని తోచినచో నిరాకరింపవచ్చును. ఏది చేసినను కారణములతో వ్రాతమూలకముగ చేయవలయును. పంచాయతీ ఎన్నికల నియమములలోను పద్ధతి ఇదే.

ఈ నియమములో కారణములు అను మాట కలదు, వ్రాత అను మాట కలదు. రుసుము అను మాట లేదు. మరల లెక్కించు సిబ్బంది కూలియు, దీపమునకు నూనెయు, కాపలా పోలీసుల బత్తెమును ఎన్నికల వ్యయములో కలిసిపోవును. అనగా మనమందరము కట్టు పన్నులలోనుండి పోవును. నామపత్రముతోబాటు కట్టు ధరావతు వేరు సంగతి. శాసనసభకు పోటీచేయువాడు 10,000 రూపాయలు, షెడ్యూల్డు కులములవాడు లేక తెగలవాడైనచో 5,000 రూపాయలు ధరావతు కట్టును. పల్లెలలో పలువురు ఈ ధరావతును చూచియే, రీకౌంటింగునకు గూడ ఇట్టిదేదో యుండునని భ్రమపడుచున్నారు.

ఈ భ్రమ ఎంతపని చేయునో చెప్పెదను. 2013వ సంవత్సరము జూలైలో పంచాయతీ ఎన్నికలు జరిగినవి. అప్పటికింకను రాష్ట్రము విడిపోలేదు. గోదావరి పొంగుచున్న దినములు. నేను లెక్కింపు సహాయకుడుగా నొక అడవిపల్లెకు పోయితిని. ఊరిపేరు చెప్పను. పంచాయతీ ఎన్నికలలో ఉదయము పోలింగు జరిగి, ఒంటిగంటకు ముగిసి, భోజనానంతరము అదే బడిలో లెక్కింపు సాగును. అది మీ రెరిగినదే. ఆనాడు మధ్యాహ్నమునుండియు ముసురు పట్టియుండెను. సాయంకాలమునకు కరెంటు పోయెను. గ్యాసులైటు వెలుగున ఓట్లు విప్పి, 25 చొప్పున కట్టలు కట్టితిమి. లెక్క ముగియునప్పటికి ఇద్దరు అభ్యర్థులకు నడుమ తేడా రెండే రెండు ఓట్లు. చెల్లనివని ప్రక్కన బెట్టినవి పందొమ్మిది. వానిలో కొన్నింటిపై ముద్ర రెండు గుర్తుల నడుమ గీతమీద పడియున్నది. ఏ గుర్తువైపు ఎక్కువ ఒరిగినదో పగటివెలుగున చూచినగాని తేలదు.

ఓడినవాడు కోయ రైతు. నా శిష్యుడు కాడు గాని నా శిష్యుని తండ్రి. అతడు బల్లయొద్దకు వచ్చి చేతులు నలుపుకొనుచు, "మళ్ళా లెక్కపెట్టాలంటే ఎంత కట్టాలె పంతులుగారూ?" అని నన్నే అడిగెను. నేను నోరు విప్పకమునుపే గెలిచిన పక్షమువాడొకడు వెనుకనుండి, "పదివేలు కట్టాలె, ఇప్పుడే కట్టాలె, ఉన్నయా నీ కాడ?" అనెను. బల్లవెనుకనున్న అధికారి విననట్లే యుండెను. వాగు పెరుగకముందే పెట్టెలతో దాటిపోవలయునని ఆయనకు తొందర. నాకును తొందరయే. నియమము నాకు తెలియును. రెండు దినముల శిక్షణలో ఆ పుట చదివించియే యుండిరి. కాని నేను సహాయకుడను, అధికారి యుండగా నే ననుటెందులకని ఊరకుంటిని. అతడు కొంతసేపు నిలువబడి, తలగుడ్డ దులుపుకొని, వర్షములోనికి వెడలిపోయెను. సంతకము జరిగెను. సంతకము జరిగిన పిదప ఆ బల్లయొద్ద ఇక దారి లేదు.

తరువాత ఎవరో చెప్పగా అతడు పట్టణమునకు పోయి వకీలును గలిసి, ఎన్నికల వ్యాజ్యము వేసెను. వకీలు ఫీజునకు ఎడ్లజత అమ్మెను. వాయిదాకు పోయిన ప్రతిసారియు బస్సుచార్జీలు, సాక్షులకు భోజనములు, రెండుపూటల కూలి నష్టము. సర్పంచి పదవీకాలము అయిదేండ్లును ముగియుచున్నను ఆ వ్యాజ్యము తేలలేదు. ఊరక దొరకవలసినదానికి ఎడ్లను ధారపోసెను. నేను ఆనాడు ఒక్క మాట అనియుండిన, రెండుగంటలు ఆలస్యముగ వాగు దాటియుందుము. అంతకుమించి ఎవరికిని నష్టము లేదు. ఈ మాట చెప్పుకొనుటకు నాకు సిగ్గుగనే యున్నది.

మన ప్రాంతపువారికి తెలిసిన పోలిక యొకటి చెప్పెదను. వేసవిలో తునికాకు కల్లమునకు మన ఆడువారు కట్టలు తెచ్చెదరు. కట్టకు 50 ఆకులు. కల్లేదారునకు అనుమానము వచ్చినపుడు కట్ట విప్పి అక్కడనే లెక్కించును. తెచ్చినదానికి అనుమానము వచ్చినను, "అయ్యా, మరల చూడుము" అనును. ఇంటికి పోయి మరునాడు వచ్చి అడిగిన ప్రయోజనము లేదు. ఆకులు కలిసిపోవును. కల్లముమీద మరల లెక్కించినందుకు ఎవరైన ఎవరికైన పైకము చెల్లించిరా? లెక్క తప్పకుండ చూచుట లెక్కించువాని పనిలోనిదే గాని, లెక్కింపబడినవాని నెత్తిన వేయు అదనపు బరువు కాదు.

మన పూర్వులును దీనినే ఎరిగియుండిరి. కాంచీపురమునకు చేరువనున్న ఉత్తరమేరూరు శాసనములు పదవ శతాబ్దమునాటివి, చోళరాజైన పరాంతకుని కాలమునాటివి. గ్రామసభకు సభ్యుల నెన్నుకొను విధానము వానిలో రాతిమీద చెక్కియున్నది. అర్హులైనవారి పేర్లు ఆకులమీద వ్రాసి కుండలో వేయుదురు. ఊరంతయు చూచుచుండగా కుండ నెత్తి చూపుదురు. లోకమెరుగని బాలునిచేత ఒక ఆకు తీయింతురు. మధ్యస్థుడు దానిని అయిదు వ్రేళ్ళును చాచి, అరచేతిమీద అందుకొనవలయును. చేతిలో మరియొక ఆకు దాచియుండలేదని తెలియుటకే ఈ నియమము. ఆయన చదివిన పేరును అక్కడనున్న పూజారులందరును మరల చదువవలయును. ఒక్కని నోట విని వ్రాయరాదు. వేయియేండ్లనాటి ఈ పద్ధతిలో మరల చూచుట అనునది ఎవరో అడిగిన పిదప పుట్టునది కాదు. లెక్కలోనే అది ఇమిడియున్నది.

ఇప్పుడు యంత్రములు వచ్చినవి గదా, మరల లెక్కించుట యేమున్నదని కొందరందురు. తెలంగాణ పంచాయతీ ఎన్నికలలో ఇంకను కాగితపు ఓట్లే వాడుచున్నారు. సర్పంచికి గులాబిరంగు, వార్డుసభ్యునికి తెలుపు. శాసనసభకును లోకసభకును యంత్రములు. యంత్రము మీట ఎన్నిమార్లు నొక్కినను ఒకే అంకె చూపును గనుక, అచ్చట అసలైన పరీక్ష వీవీప్యాట్ అను పెట్టెలో పడిన కాగితపుచీటీలను లెక్కించుటయే. పైన చెప్పిన 1961 నియమములలోనే, ఫలానా పోలింగుకేంద్రపు చీటీలు లెక్కింపుమని అభ్యర్థి వ్రాసి కోరుటకు వీలు గలదు. దానికిని రుసుము లేదు. యంత్రపు అంకెకును చీటీల లెక్కకును తేడా వచ్చినచో చీటీల లెక్కయే చెల్లును. ఇదిగాక, ఎవరును కోరకయే, ప్రతి శాసనసభ నియోజకవర్గమునందును అయిదు కేంద్రముల చీటీలు లెక్కింపవలయునని 2019 ఏప్రిల్ 8న సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞాపించెను. అంతకుముందు ఒక్క కేంద్రమే. ఆ వ్యాజ్యము వేసిన 21 పక్షముల నాయకులలో మొదటిపేరు మన తెలుగువాడైన నారా చంద్రబాబునాయుడుగారిది. వారు సగము కేంద్రములు కోరిరి. న్యాయస్థానము అయిదింటికి ఒప్పుకొనెను. ఆ ఖర్చంతయు ప్రజాధనమే.

ఇంతవరకు ఉచితము. ఇక డబ్బు ఎక్కడ మొదలగునో వినుడు.

బల్లయొద్ద అవకాశము దాటినవాడు న్యాయస్థానమునకు పోవలయును. శాసనసభ్యుని ఎన్నికపై 45 దినములలోపల ఉన్నతన్యాయస్థానమున వ్యాజ్యము వేయవలయును. 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఖర్చులకు హామీగా కట్టవలసిన మొత్తము 2,000 రూపాయలు మాత్రమే. వినుటకు స్వల్పమే. వ్యాజ్యము కొట్టివేయబడినచో గెలిచినవాని ఖర్చులను గూడ వేసినవాడే భరింపవలయును. వకీళ్ళ ఫీజు చట్టములో వ్రాసియుండదు. పైగా న్యాయస్థానములు ఓట్లపెట్టెను సులభముగ విప్పనీయవు. రామ్ సేవక్ యాదవ్ వ్యాజ్యమున 1964లో సర్వోన్నత న్యాయస్థానము ఈ విషయమును తేటపరచెను. ఏ తప్పు ఎట్లు జరిగెనో స్పష్టముగ వ్రాయక, ఊరక అనుమానముతో వచ్చినవానికి ఓట్లపత్రములు చూపరాదు. ఓటు రహస్యము గనుక ఇది న్యాయమే. కాని బల్లయొద్ద కాగితము వ్రాయనివానికి ఇక్కడ చిక్కు రెట్టింపగును. "ఆనాడే ఏల అడుగలేదు?" అను ప్రశ్నకు అతడు జవాబు చెప్పుకొనవలయును గదా.

కాలమొకటి యున్నది. చట్టము ఆరుమాసములలో ముగింప యత్నింపుమనుచున్నది. 2018 డిసెంబరులో జగిత్యాల జిల్లా ధర్మపురిలో 441 ఓట్ల తేడాతో ఫలితము వచ్చెను. లెక్కింపు సరిగ జరుగలేదని ఓడిన అభ్యర్థి ఉన్నతన్యాయస్థానము నాశ్రయించెను. పత్రములు తెమ్మని న్యాయస్థాన మాజ్ఞాపింపగా, 2023 ఏప్రిల్‌లో వానిని భద్రపరచిన గది తెరువబోయిరి. తాళపుచెవి కానరాలేదు! తుదకు తాళము పగులగొట్టవలసివచ్చెను. అప్పటికే నాలుగేండ్లు గడచినవి. ఆ సంవత్సరాంతమున మరల ఎన్నికలు వచ్చెను. అదే అభ్యర్థి అదే చోట గెలిచెను. ప్రజలు ఓటువేసి తేల్చినదానికంటె న్యాయస్థానపు వ్యవహారమే ఆలస్యమాయెను.

మన కొత్తగూడెమునందును 2018 ఎన్నికపై వ్యాజ్యము నడచెను. అది లెక్కకు సంబంధించినది కాదు, ఆస్తుల ప్రకటనకు సంబంధించినది. 2023 జూలై 25న ఉన్నతన్యాయస్థానము ఆ ఎన్నికను రద్దుచేసి, గెలిచినవానికి 5 లక్షల రూపాయలు ఖర్చుల క్రింద విధించెను. మరుసటి మాసముననే సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును నిలిపివేసెను. ఎవరిది తప్పో నిర్ణయించుట నా పని గాదు. ఖర్చు ఎవరిమీద ఎంత పడునో ఇక్కడకు వచ్చిన పిదప ఎవరును ముందుగ చెప్పలేరని మాత్రమే నా భావము.

ఎంతదూరము పోవచ్చునో చూడుడు. హర్యానాలో పానిపట్టు జిల్లాలోని బువానా లాఖూ అను గ్రామమున 2022 నవంబరులో సర్పంచి ఎన్నిక జరిగెను. లెక్కలో తప్పు జరిగినదను వివాదము క్రిందినుండి పైదాక పోయి సర్వోన్నత న్యాయస్థానమును చేరెను. 2025 ఆగస్టులో ఆ గ్రామపు యంత్రములను ఢిల్లీకి తెప్పించి, న్యాయస్థానపు ఆవరణలోనే లెక్కించిరి. ఓడెనన్న అభ్యర్థికి 1,051 ఓట్లు, గెలిచెనన్నవానికి 1,000 ఓట్లు వచ్చెను. పదవి చేతులు మారెను. న్యాయము జరిగెను, నిజమే. కాని పదవీకాలములో సగమునకుపైగా గడచిన పిదప జరిగెను. ఢిల్లీదాక పోగల శక్తి మన గుండాల అడవిలో ఎందరికున్నది?

మూడవదారి క్రొత్తది. 2024 ఏప్రిల్ 26న సర్వోన్నత న్యాయస్థానము ఇట్లు తీర్పుచెప్పెను: రెండవ, మూడవ స్థానములలో నిలిచిన అభ్యర్థులు ఏడు దినములలో కోరినచో, నియోజకవర్గములోని యంత్రములలో నూటికి అయిదింటిని తయారుచేసినవారే వచ్చి పరీక్షింపవలయును. ఖర్చు కోరినవానిది. యంత్రము చెడగొట్టబడినదని తేలినచో ఆ సొమ్ము తిరిగి ఈయవలయును. ఎన్నికల సంఘమువారు ఒక్కొక్క యంత్రపు జతకు 40,000 రూపాయలును, దానిపై పన్నును, వెరసి 47,200 రూపాయలుగా నిర్ణయించిరి. ఆ సంవత్సరము ఒంగోలులో ఓడిన అభ్యర్థి 12 యంత్రములను పరీక్షింపుమని కోరెను. గుణించి చూడుడు, 5,66,400 రూపాయలు! అచ్చట చేయబూనినది నమూనా ఓటింగు. తాము కోరినది అది గాదు, చీటీల లెక్క యని అభ్యర్థి పక్షమువారు అభ్యంతరము చెప్పిరి. ఆ తగవును న్యాయస్థానమునకే చేరెను. 2025 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానమే ఈ 40,000 చాల హెచ్చు, తగ్గింపుమని ఎన్నికల సంఘమునకు సూచించెను. మా ప్రాంతపు కోయరైతు ఎడ్లజత అమ్మినను ఒక్క యంత్రమునకు సరిపోవునో లేదో!

అమెరికా దేశములో ఈ విషయమున ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క నియమము. విస్కాన్సిన్ రాష్ట్రమున తేడా నూటికి పావువంతుకు లోబడియున్నచో మరల లెక్కించు ఖర్చు ప్రజలది. అంతకు మించినచో కోరినవాడు ముందుగ కట్టవలయును. నూటికి ఒకటి దాటినచో కోరుటకే వీలులేదు. 2016లో అధ్యక్ష ఎన్నికలో ఒక చిన్నపక్షము సుమారు 35 లక్షల డాలర్లు కట్టి రాష్ట్రమంతయు లెక్కింపించెను. గెలిచినవాని ఆధిక్యము 131 ఓట్లు పెరిగెను. 2020లో ఓడినవాడు రెండు కౌంటీలలో లెక్కించుటకు 30 లక్షల డాలర్లు కట్టెను. లెక్క ముగియునప్పటికి ప్రత్యర్థికే 87 ఓట్లు అధికమాయెను. సొంతధనముతో ఎదుటివానికి ఓట్లు కొనిపెట్టినట్లాయెనని మనవారు నవ్వవచ్చును. కాని ఆ పావువంతు నియమము నాకు నచ్చినది. తేడా స్వల్పమైనపుడు అనుమానము ఓడినవానిది మాత్రమే కాదు, ఊరందరిది. కనుక ఖర్చును ఊరందరిదే కావలయును. తేడా వేలలో నున్నపుడు ఊరక అలజడికై అడుగువాడు కొంత భారము మోయుటలో తప్పులేదు. మన నియమములలో ఇట్టి హద్దు లేదు. అంతయు అధికారి విచక్షణకే వదలిరి. 1989లో అనకాపల్లి లోకసభ స్థానమున తొమ్మిది ఓట్లతో ఫలితము తేలెను. లక్షల ఓట్లలో తొమ్మిది! అట్టిచోటగూడ అభ్యర్థి కాగితము వ్రాసి కోరినగాని మరల లెక్కింపు వానంతట అది జరుగదు. తేడా ఇంతకు తగ్గినచో అడుగకయే మరల లెక్కింపవలయునని నియమము చేయుట మంచిదని నా అభిప్రాయము. అందులోను పంచాయతీలకు ఇది ముఖ్యము. అచ్చట ఒకటి రెండు ఓట్లతో తేలుట వింతకాదు. సరిసమానమైనచో చీటీ తీయుటయు కలదు.

అట్టి నియమము వచ్చువరకు మీ ఊరి అభ్యర్థి ఏ పక్షమువాడైనను సరే, పెద్దలుగా మీరు అతనికి చెప్పవలసినది కొంత కలదు. లెక్కింపునకు పోవు ఏజెంటు రెండు తెల్లకాగితములును, ఒక కలమును జేబులో నుంచుకొనవలయును. ఏ బల్లమీద, ఏ వార్డు కట్టలో, ఎన్ని ఓట్లు ఎందుకు చెల్లవనిరో అప్పటికప్పుడు గుర్తువేసికొనవలయును. మొత్తములు చదువగానే, కేకలు వేయక, లేచి నిలువబడి, వ్రాసి యిచ్చెదను, సంతకము ఆపుడనవలయును. కాగితములో ఊరు, వార్డు, తేడా ఎన్ని ఓట్లు, ఏ కట్టపై అనుమానము, ఏల అనుమానము, ఇవి యున్న చాలును. నాలుగు పంక్తులు. రెండవ ప్రతిమీద అధికారిచేత అందినట్లు వ్రాయించుకొనవలయును. నిరాకరించినచో కారణము వ్రాసి యిమ్మని మర్యాదగ అడుగవలయును. ఆ కాగితమే రేపు న్యాయస్థానమున మొదటిసాక్షి.

మొన్న ఆ అడవిపల్లె పెద్దలు కొందరు మా యింటికి వచ్చిరి. వారిలో ఆ కోయరైతు కుమారుడు, నా శిష్యుడు, ఉండెను. ఈసారి ఏజెంటుగా అతడు కూర్చుండునట. కాగితము మీద ఏమి వ్రాయవలయునో చెప్పుమనెను. తండ్రి ఎట్లున్నాడని అడిగితిని. "బాగున్నడు సార్, ఎడ్లు మాత్రం మళ్ళా కొనలే" అనెను. ఆ నాలుగు పంక్తులు నా చేతితోనే వ్రాసి యిచ్చితిని.